నీళ్ల కింద నాయనమ్మ ఊరు

మన తెలంగాణకు సముద్రం లేదు. అయినా కొండ అంచున నిలబడి, కింద అలలు రాళ్లకు కొట్టుకునే చప్పుడు వినాలంటే గోవా దాకా పోనక్కర్లేదు. మా నల్గొండ జిల్లాలోనే నాగార్జునసాగర్ పోయి లాంచీ ఎక్కితే నాగార్జునకొండ దీవిలో దిగొచ్చు. చెట్ల మధ్య బాట, పాత కోట గోడలు. అంచు దాకా నడిస్తే కళ్ల ముందంతా నీళ్లే, దూరంగా నల్లమల. ఫొటోలకు తిరుగులేదు.

నిజానికి ఇది మునిగిపోయిన లోయలో మిగిలిన కొండ నెత్తి. ఆ లోయలోనే 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. మునిగేలోపే అన్నీ బయటికి తీయాలని 1954 నుంచి 1960 దాకా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి తెచ్చి కొండ మీద మళ్లీ కట్టారు. అందుకే ఏటి ఒడ్డున ఉండాల్సిన స్నానఘట్టం ఇప్పుడు కొండ మీద కనిపిస్తుంది.

ఇదంతా గూగుల్‌లో దొరుకుతుంది. దొరకనిది నాయనమ్మ దగ్గర ఉంది.

ఆమె పుట్టింది ఏలేశ్వరంలో. కొండకు ఎదురుగా, ఏటికి ఇటువైపు నల్గొండ ఒడ్డున ఉండే ఊరు. అదీ మునిగిపోయింది. పోయిన చలికాలం ఆమెను తీసుకుని దీవికి వెళ్లా. మ్యూజియంలో బుద్ధుడికి దండం పెట్టి, ‘అంచుకు తీస్కపోరా’ అంది. మోకాళ్ల నొప్పి, మధ్యలో నాలుగుసార్లు కూర్చుంది. చివరికి నీళ్ల మీదికి చెయ్యి చాపి, ‘గాడ... గా నీళ్ల కిందనే మా ఇల్లుండె’ అంది. నాకు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

‘కోపం రాదా నాయనమ్మా?’ అని అడిగా.

ఆమెకు పెళ్లయింది మిర్యాలగూడ వైపు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. మా పొలానికి పారేది ఆ ఎడమ కాలువే.

‘మా ఇల్లు ముంచిన నీళ్లే మన మడిల పారె. గా వడ్లు తినే మీ నాయిన పెరిగిండు. ఎవల్ని తిట్టాలెరా?’

తర్వాత వాడకట్టు వాడకట్టుగా ఇండ్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి ఇంటి ముందు ఏ చెట్టు, ఏ బావి నీళ్లు తియ్యన, ఎవరి గేదె పొడిచేది. ఫోన్‌లో రికార్డ్ చేశా. శాసనాలు, బొమ్మలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆ బావి మాత్రం నాయనమ్మ నోట్లోనే ఉంది.

మీరు వెళ్తే శుక్రవారం వద్దు, మ్యూజియానికి సెలవు. లాంచీ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఇంట్లో ముంపు ఊరి పెద్దవాళ్లు ఉంటే వాళ్లకూ ఒక టికెట్ తీయండి. ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్లండి.