ఫ్రెంచిలో నా ఈత

మా నాగిరెడ్డిపేటలో "నీ హాబీ ఏమిటి?" అని నన్నడిగిన వాడు లేడు. కాలేజీలో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకున్న మూడో వారం లెక్చరర్ గారు అడిగారు. ఆటలకైతే 'జూయే', ఈత, కసరత్తు లాంటివాటికి 'ఫేర్' అనే క్రియ వాడాలట. వరుసగా అందరూ క్రికెట్, టెన్నిస్ అంటున్నారు. నా వంతు రాగానే "జ జూ ఓ తెనిస్" అనేశాను. ఉచ్చారణ బాగుందన్నారు! రాకెట్టు పట్టి ఎరుగను.

సెలవుల్లో ఇంటికెళ్తే నాయిన అడిగాడు, "ఆ భాషల ఏం నేర్చినవ్ బిడ్డా?" ఆ వాక్యమే చెప్పి, అర్థమూ చెప్పాను. "నువ్వెప్పుడాడినవ్ రా?" అని నవ్వి, పార భుజానేసుకుని మడికి నీళ్లు కట్టను పోయాడు. తలెత్తలేకపోయాను. 1922లో పూర్తయిన మా పోచారం చెరువులో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి నాకు ఈత నేర్పింది ఆయనే మరి.

తిరిగొచ్చాక క్లాసులో చెయ్యెత్తి, "టెన్నిస్ అబద్ధం సార్" అన్నాను. "జ ఫె ద లా నతసియొఁ." చివరి అక్షరం ముక్కుతో పలకాలి, నాకు రాలేదు. మళ్లీ అనమన్నారు, అన్నాను. "ఊ?" అంటే ఎక్కడ అని.

"అ పోచారం."