పరదుఃఖం, స్వదుఃఖం

ఒక మతాన్ని అవలంబించిన కోట్లాది మనుష్యులకు ఒకే మనస్సు ఉన్నదనీ, అది ఎన్నటికీ మారదనీ తలచడం వివేకం కాదు. మనస్సు చంచలమని అర్జునుడే శ్రీకృష్ణునికి విన్నవించుకున్నాడు. వ్యక్తికి వర్తించే ఈ ధర్మం సమూహానికీ వర్తిస్తుంది. ముస్లింల మధ్య జరిగిన ఒక పరిణామం, క్రైస్తవుల మధ్య జరిగిన మరొక పరిణామం దీనికి నిదర్శనాలు.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 2005 నవంబరు 9న మూడు హోటళ్లపై ఆత్మాహుతి దాడులు జరిగి సుమారు 60 మంది మరణించారు. అందులో ఒకచోట వివాహోత్సవం జరుగుతున్నది. వధువు తండ్రి, వరుని తండ్రి ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. మృతులలో అధికులు ముస్లింలే. దాడి చేయించిన అల్‌ఖైదా ఇరాక్ శాఖ నాయకుడు జర్ఖావీ జోర్డాన్‌లోనే పుట్టినవాడు. అతని వంశీయులే పత్రికాముఖంగా అతనితో బాంధవ్యాన్ని త్రెంచుకున్నారు. ఆ ఘటనకు కొన్ని నెలల ముందు ప్యూ పరిశోధన సంస్థ విచారించగా, ఇస్లాం రక్షణార్థం పౌరులపై ఇటువంటి దాడులు కొన్ని సందర్భాలలోనైనా సమర్థనీయమేనని అక్కడి ముస్లింలలో 57 శాతం మంది చెప్పారు. మరుసటి సంవత్సరం అది 29 శాతానికి తగ్గినది.

ఉత్తర ఐర్లండులో కథోలికులు, ప్రొటెస్టంటులు ఒకే క్రీస్తును ఆరాధిస్తూ ముప్పది సంవత్సరాలు పరస్పర హింసలో మునిగిపోయారు. మూడువేల ఐదువందల మందికి పైగా మరణించారు. 1998 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే నాడు సంధి కుదిరినది. మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడ 71 శాతం మంది దానిని ఆమోదించారు. సంధిని వ్యతిరేకించిన ముఠా ఆగస్టు 15న ఓమా పట్టణంలో బాంబు పేల్చగా 29 మంది మరణించారు. ఇరువర్గాల నుంచీ పెల్లుబికిన జనాగ్రహం వలన ఆ ముఠా కొన్ని వారాలలోనే కాల్పుల విరమణ ప్రకటించినది. తరువాత మరల ఆయుధం పట్టినా, సంధిని చెరపగలిగిన జనబలం దానికి లభించలేదు.

ఈ రెండు చోట్ల మారినదేమిటి? మతం మారలేదు. రాజకీయ ఆకాంక్ష కూడా మారలేదు. ఇరాక్ యుద్ధంపై జోర్డాన్ ప్రజల అసమ్మతి నిలిచే ఉన్నది. ఏకీకృత ఐర్లండు కావాలని కోరే కథోలికులు ఇప్పటికీ కోరుతున్నారు. సాధ్యం అట్లే ఉండగా సాధనం మాత్రం నిరాకరించబడినది. దేవతోద్దేశంతో స్వద్రవ్యాన్ని త్యజించడమే ఆహుతి. పరుల ప్రాణాలను హరించేదానికి ఆ పవిత్రపదం తగదని, శ్మశానానికి వెళ్లివచ్చినవారికి వేరుగా బోధించనక్కరలేదు.

అయితే ఇందులో ఒక విషాదం ఉన్నది. బాగ్దాదు వీధులలో జనులు మరణించినప్పుడు కలగని పరివర్తన, తమ పెండ్లిపందిరి కూలినప్పుడు కలిగినది. స్వదుఃఖం నేర్పిన పాఠాన్ని పరదుఃఖం నేర్పలేకపోయినది. ఇది ఏ ఒక్క మతస్థుల దోషమూ కాదు, మానవస్వభావం. సుఖదుఃఖాలలో అన్యులను తనతో సమంగా చూచేవాడే పరమయోగి అని గీత ఆరవ అధ్యాయం నిర్దేశించినది. ఆత్మౌపమ్యమనే ఈ దృష్టికి అభ్యాసం అవసరం.

కనుక సాధకుడు ఇతరుల శాతాలను లెక్కించి ఆగిపోరాదు. అన్యమతస్థుడు హతుడైన వార్త విన్నప్పుడు తన హృదయంలో కించిత్ తృప్తి కదలినదా అని పరీక్షించుకోవాలి. అది కదలినట్లయితే, ఆ 57 శాతంలో ఉన్నవారికీ తనకూ మధ్య నామరూపభేదమే తప్ప వేరు భేదం లేదు. తన గుమ్మంలో శవం పడకముందే ఆ తృప్తిని విసర్జించడమే సాధన.