ఒక చలికాలానికి ఎన్ని మోపులు?

కొంచెం పెద్ద పోస్టు. ఓపికుంటే చివరిదాకా చదవండి, ఆఖర్లో మీ అందరితో ఒక పని ఉంది.

మా హాస్టల్ విశాఖలో. డిసెంబర్‌లో కూడా ఇక్కడ ఫ్యాన్ వేసుకునే పడుకుంటాం. నా రూమ్మేట్‌ది గుంటూరు వైపు. ఒకరోజు పేపర్లో చింతపల్లి, మినుములూరు, అరకు పేర్ల పక్కన సింగిల్ డిజిట్ అంకెలు చూసి, "ఇంత చలిలో మీ ఇళ్లల్లో హీటర్లు ఉంటాయా?" అని అడిగాడు. పొయ్యి ఉంటుందిరా అన్నాను. "అయితే చలికాలం మొత్తానికి ఎంత కట్టె పడుతుంది?" అన్నాడు. "చాలా" అన్నాను. వాడు ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో మిల్లీగ్రాములు కూడా తూచి రాస్తాం. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న పొయ్యి గురించి అడిగితే నా దగ్గర ఉన్న జవాబు "చాలా".

అందుకే సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు తూచాను. మా ఊరు చింతపల్లికీ జి.మాడుగులకీ మధ్యలో, కొండ మీద. సంతలో పసుపు కొనే మామయ్య దగ్గర వేలాడదీసే కాటా ఉంటే అడిగి తెచ్చాను. పద్ధతి చాలా సింపుల్. పొద్దున్నే ఆ రోజుకి సరిపడా కట్టెలు తూచి పొయ్యి పక్కన పెట్టడం, మర్నాడు పొద్దున్న మిగిలినవి మళ్లీ తూచి తీసెయ్యడం. తేడా ఎంతో అదే ఆ రోజు కాలినది. అమ్మకి చిరాకు. "కట్టెల్ని తూస్తారేట్రా ఎవరైనా? బంగారమేటి?" అంది. తూస్తే తరిగిపోతాయని మామ్మ భయం. చెల్లి ఒక్కతే నోట్‌బుక్ పట్టుకుని అంకెలు రాసింది. అది పదో తరగతి.

ఎనిమిది రోజులు తూచాం. మబ్బు పట్టి చలి తగ్గిన రోజు 14 కిలోలు, బాగా మంచు పడిన రోజు 21 కిలోలు. భోగి మంట ఇందులో కలపలేదు, అది ఊరందరిదీ. మొత్తం 139 కిలోలు, అంటే రోజుకి 17 కిలోల పైమాటే. మాకు చలి కార్తీకంలో మొదలై మాఘం సగం దాకా ఉంటుంది, వంద రోజులు అనుకుందాం. లెక్క 1,740 కిలోలు అయింది. టన్నూ ముప్పావు. అదీ ఒక్క ఇంటికి, ఐదుగురం ఉన్నప్పుడు.

ఇందులో వంటకీ నీళ్లు కాగడానికీ అయ్యేది సుమారు 8 కిలోలు. మిగతా 9 కిలోలు ఉత్తి చలికి. రాత్రి అన్నాలయ్యాక అందరం పొయ్యి చుట్టూ చేరతాం. పడుకునే ముందు అమ్మ ఒక లావు మొద్దు పెడుతుంది, అది తెల్లారేదాకా మెల్లగా రాజుతుంది. రాత్రి మామ్మ రెండుసార్లు లేచి దాన్ని లోపలికి నెడుతుంది. మామ్మకి ఆయాసం. పొగ మంచిది కాదని ఆస్పత్రిలో చెప్పారు, కానీ మంట లేకపోతే ఆవిడ ఆ రాత్రి గడపలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం, దీనికి నా దగ్గర జవాబు లేదు.

అదే మొద్దు ఏది పడితే అది పనికిరాదు. చింత మొద్దయితే నిప్పు నిలుస్తుంది. వెదురు గుప్పున మండి అయిపోతుంది, కణుపుల్లో గాలి ఉండటం వల్ల టపటపా పేలుతుంది. బూరుగ కట్టె మోసిన కష్టం కూడా దక్కదు. కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు ఇప్పుడు అందరికీ దగ్గర్లో దొరుకుతున్నాయి గానీ, పచ్చిగా ఉంటే పొగ తప్ప సెగ రాదు.

పచ్చి అంటే ఎంత పచ్చో కూడా చూశాను. అప్పుడే కొట్టిన సిల్వర్ ఓక్ ముక్క ఒకటి తూచితే 2 కిలోల 900 గ్రాములు. చీల్చి పొయ్యి మీద అటకలో పెట్టి ఎనిమిదో రోజు దించితే 2 కిలోల 100. పోయిన 800 గ్రాములూ నీళ్లే. పుస్తకంలో అయితే ఆ నీళ్లు ఆవిరవ్వడానికి ఎంత వేడి వృథా అవుతుందో లెక్క ఉంటుంది. నాకు ముందు తట్టింది అది కాదు. ఆ నీళ్లు కొండ మీంచి ఇంటిదాకా అమ్మ నెత్తి మీద వచ్చాయి. కట్టె అలా పచ్చిదయితే ఒక మోపులో ఐదారు కిలోలు ఉత్తి నీళ్లే మోసినట్టు.

మామ్మ చెప్పింది, వాళ్ల కాలంలో అలా మోసేవాళ్లు కాదట. మాఘంలో, ఫాల్గుణంలో ఎండుకొమ్మలు కొట్టి అడవిలోనే పేర్చి వదిలేసేవాళ్లు. ఎండలన్నీ తిన్నాక వానలకి ముందు తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఎండాకాలం ఉపాధి పనికి వెళ్లాలి. పైగా అడవిలో పేర్చి వచ్చిన కట్టె మనం వెళ్లేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. ఏ రోజు కట్టె ఆ రోజే. అదీ దగ్గర్లో ఏం లేదు, వెళ్లి ఏరుకుని మోపు కట్టి దిగి వచ్చేసరికి మూడు గంటలు.

ఇక్కడ గ్యాస్ సంగతి చెప్పాలి. ఎందుకంటే నేను ఇంటికి వెళ్లిందే అమ్మతో గ్యాస్ గురించి వాదన పెట్టుకుందామని. మాకు కనెక్షన్ ఉంది. దీపం పథకంలో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం, ముందు డబ్బు కట్టి తెచ్చుకుంటే తర్వాత ఖాతాలో పడుతుంది. అయినా ఆ సిలిండర్ మంచం కింద, చుట్టాలొస్తే టీ పెట్టడానికి అన్నట్టు ఉంటుంది. "అది వాడవు, కట్టెలే మోస్తావు" అని ఎన్నిసార్లు తిట్టానో. తీరా లెక్క వేస్తే సగం తప్పు నాదే. బాగా ఎండిన కట్టె కిలో కాలితే సుమారు 4 కరెంటు యూనిట్ల వేడి వస్తుంది. 17 కిలోలంటే దగ్గరదగ్గర 70 యూనిట్లు, వెయ్యి వాట్ల హీటర్‌ని 70 గంటలు వేసినట్టు. ఒక రోజుకి! మా ఇంట్లో నెలంతా కలిపినా అంత కరెంటు కాలదు. 14.2 కిలోల సిలిండర్ మొత్తం తగలేసినా 180 యూనిట్ల వేడి, అంటే మా పొయ్యి రెండున్నర రోజుల్లో కాల్చేంత. చలి కాచుకోవడానికి గ్యాస్ ఏ మూలకీ రాదు. అమ్మకి ఈ యూనిట్లు తెలియవు, విషయం మాత్రం ఎప్పుడో తెలుసు. పైగా ఆ పొయ్యి ఒక్క పని చెయ్యదు. అన్నం ఉడికిస్తుంది, గదిని కాస్తుంది, అటక మీద రేపటి కట్టెని ఆరబెడుతుంది, పైన వేలాడే విత్తనం మొక్కజొన్న కంకుల్ని పురుగు పట్టకుండా చూస్తుంది.

అయితే వంట వరకే చూస్తే గ్యాసే నయం. మన మూడు రాళ్ల పొయ్యిలో గిన్నెకి అందే వేడి పదో వంతు కాస్త అటూ ఇటూ. మిగతాది ఇంట్లోకీ, పెంకుల సందుల్లోంచి బయటికీ పోతుంది. రాత్రి ఇంట్లోకి వచ్చిన వేడి మనకి కావాలి. పొద్దున్న పదింటికి అందరూ బయటికి పోయాక ఆ వేడి ఎవరికి? సగం తప్పు నాది అన్నాను కదా, మిగతా సగం ఇదీ.

(ఇంకోటి, మధ్యలో చెప్తున్నాను గానీ ముఖ్యం. మాకు పక్కనే శ్లాబు గది కూడా ఉంది, అందులో ఎవరూ పడుకోం, కాఫీ బస్తాలు ఉంటాయి. ఊళ్లో కొందరు శ్లాబు గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు, కిటికీలు మూసేసి పడుకుంటున్నారు. పెంకుటింట్లోలా అక్కడ గాలి పోయే సందు ఉండదు. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మీ ఇళ్లల్లో చెప్పండి.)

ఇప్పుడు అసలు సంగతి. అమ్మ మోపు తూచితే 22 కిలోలు. వారానికి ఎన్ని తెస్తావమ్మా అంటే "నాలుగు" అంది. నాలుగు మోపులంటే 88. వారానికి కాలుతున్నది 122. లెక్కలో 34 కిలోలు తేడా వస్తోంది. గోడవార పేర్చిన కట్టెలోంచి తీస్తున్నారేమో అనుకున్నాను. చూస్తే దాని మీద సాలెగూడు కూడా చెదరలేదు. అది పసుపు ఉడకబెట్టడానికి దాచింది, నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వడు. తూకంలో తప్పు చేశానేమోనని రెండు రోజులు మళ్లీ జాగ్రత్తగా తూచాను. అదే వచ్చింది.

మూడో రోజు సాయంత్రం చెల్లి మోపు దించుతుంటే కాటాకి తగిలించాను. 17 కిలోలు. సెలవులు కదా, సరదాకి వెళ్తోంది అనుకున్నాను అప్పటిదాకా. రెండు పదిహేడులు ఎంతో మీకు తెలుసు.

అమ్మని అడిగితే మాట మార్చింది. మామ్మ చెప్పేసింది. కార్తీకంలో అమ్మ మోపుతో దిగుతూ రాయి మీద జారింది. మోకాలు వాచింది, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. అప్పట్నుంచి రెండు మోపులు చెల్లివి. ఒకటి ఆదివారం, ఒకటి సంత రోజు. సంత రోజు అమ్మ పసుపో, మిరియాలో పట్టుకుని సంతకి పోతే ఇది బడి మానేసి కొండెక్కుతోంది. ఫోన్లో నాకు ఎవరూ చెప్పలేదు. పదో తరగతి, మార్చిలో పరీక్షలు. ఆ రోజే లెక్కల సార్ స్లిప్ టెస్ట్ పెడతారట.

నాకు చాలా కోపం వచ్చింది, గట్టిగా అరిచాను. చెల్లి భయపడలేదు. "నువ్వు ఊళ్లో ఉన్నప్పుడు నువ్వే తెచ్చేవోడివి కదన్నయ్యా ఆ రెండు మోపులు" అంది.

నిజమే. హైస్కూల్లో ఉన్నప్పుడు బడి నుంచి వచ్చాక వారానికి రెండు మోపులు నేనే తెచ్చేవాణ్ని. కాలేజీకి వచ్చాక అవి ఎవరు తెస్తున్నారని ఒక్కసారి కూడా అనుకోలేదు. మొదట అమ్మ నెత్తికెక్కాయి, అమ్మ పడ్డాక చెల్లి నెత్తికి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటివాణ్ని అని అందరికీ చెప్పుకుంటాం. నేను ఇక్కడ ఫ్యాన్ కింద చదువుకుంటున్నాను, నా మోపులు అక్కడ అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి నాన్నతో గొడవ అయింది. పసుపు కట్టె వాడేద్దాం అన్నాను. "పసుపు ఉడక్కపోతే పచ్చిదే అమ్మాలి. సగం ధర కూడా రాదు. నీకు డబ్బులు ఏట్తో పంపుతాను?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పొయ్యి దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చెల్లి నోట్‌బుక్ తెచ్చి నాన్న ముందు పెట్టింది. నాన్న ఐదు దాకా చదివాడు, అంకెలు వస్తాయి. 88, 122, మధ్యలో 34. కాసేపు చూసి, "కాఫీ పళ్ల కోతలు ఆదివారం లేవు, ఒక కావడి నాను తెస్తాను" అన్నాడు.

రెండోది గ్యాస్ మీద వేశాం. పొద్దుటి వంట ఒక్కటే గ్యాస్ మీద, సాయంత్రం పొయ్యి మామూలే. రోజుకి మూడు కిలోల కట్టె మిగిలితే వారానికి 21, చెల్లి సంత రోజు మోపుకి సరిపోయి ఇంకా మిగలాలి. అమ్మ ఒప్పుకుంది గానీ సిలిండర్ అయిపోతే బండి మా ఊరి దాకా రాదు, ఆటోలో వెళ్లి తెచ్చుకోవాలి. ఆటో ఖర్చు నేను పంపుతానన్నాను, పార్ట్ టైం ఏదైనా చూసుకోవాలి. మాఘంలో మళ్లీ వచ్చి కాఫీ తోటలో విరిగిన సిల్వర్ ఓక్ కొమ్మలన్నీ చీల్చి గోడవార ఎండకి పేర్చాలని కూడా అనుకున్నాను. పరీక్షల షెడ్యూల్ చూస్తే ఎంతవరకు అవుతుందో.

వచ్చేటప్పుడు లంబసింగి మీదుగా వచ్చాను. మా బావ అక్కడ టెంట్ల దగ్గర పని చేస్తాడు, చలిమంటలు వేసేది వాడే. ఒక మంటకి ఎంత కట్టె పడుతుంది బావా అంటే పాతిక ముప్పై కిలోలు అన్నాడు. టూరిస్టులు ఫొటోలు దిగి రెండు గంటల్లో లోపలికి పోతారు. ఒక్క మంట అమ్మ మోపుకన్నా ఎక్కువ. వాళ్లని తిట్టడం లేదు, బావకి ఆ సీజనే ఆధారం. తూకం పిచ్చి పట్టాక ఏది చూసినా మోపుల్లోనే కనిపిస్తోంది, అంతే.

మొన్న సంత రోజు సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది. బడికి వెళ్లిందట. స్లిప్ టెస్ట్‌లో 25కి 11. ఎగ్గొట్టిన పాఠాలు అర్థం కావట్లేదంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో చెప్తున్నాను, సిగ్నల్ ఉన్నంతసేపు. కాటా మామయ్యకి ఇంకా తిరిగి ఇవ్వలేదట. ఈ వారం కట్టె 104 కిలోలు. అమ్మవి నాలుగు మోపులు, మిగతాది నాన్న కావడిలోంచి.

ఇక మీతో పని. అరకు, సీతంపేట, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం, ఎక్కడివాళ్లయినా సరే, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు సంతలో ఎవరినైనా కాటా అడిగి తెచ్చుకుని ఒక వారం తూచండి. మోపు ఎన్ని కిలోలు, వారానికి ఎన్ని, ఎంత దూరం నుంచి అనేది ఇక్కడ రాయండి. మోసింది ఎవరో కూడా పక్కన రాయండి.