శ్రోతలే ఓటర్లయిన వేళ

మిథిలలో రాముడు దేవుడే కావచ్చు, కానీ ముందు అల్లుడు. అందుకే పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే ఎగతాళి పాటల్లో ఆయనకు మినహాయింపు లేదు. అయోధ్య నుంచి వచ్చిన ఆ నల్లని పెళ్లికొడుకు రంగునూ, తండ్రినీ, ముగ్గురు తల్లులనూ వరసపెట్టి ఆట పట్టిస్తారు. వియ్యాలవారిని పాటలతో ఏడిపించే తెలుగు పెళ్లిళ్లు చూసినవారికి ఇదేమీ వింతగా తోచదు. ఆ పాటల్లో చాలావాటికి కవి ఎవరో తెలియదు. వేదిక ఉండదు, మైకూ ఉండదు. అమ్మమ్మలు పాడుతుంటే పక్కన కూర్చున్న పిల్లలు నేర్చుకుంటారు, అంతే. అలా పెరట్లో బతికిన మిథిల పాటను లక్షలాది ఫోన్లలోకి చేర్చిన గాయని మైథిలీ ఠాకుర్. 2025 నవంబరులో ఆమె దర్భంగా జిల్లా అలీనగర్ నుంచి బీజేపీ తరఫున బీహార్ శాసనసభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆమె వయసు 25 ఏళ్లు. ఆ సభలో అందరికన్నా చిన్నవారు.

మధుబని జిల్లా బేనీపట్టిలో 2000 జులై 25న పుట్టిన ఆమెకు తండ్రే గురువు. ఆయన సంగీతం మాస్టారు. బతుకుతెరువు వెతుక్కుంటూ ఢిల్లీ చేరిన అసంఖ్యాక బీహారీ కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఇంట్లో హార్మోనియం ముందు ఆమె, పక్కన వాయిద్యాలతో ఇద్దరు సోదరులు... ఈ దృశ్యం చూడని మైథిలి కుటుంబాలు తక్కువే. టీవీ పోటీలు మాత్రం ఆమెకు పెద్దగా కలిసిరాలేదు. 2017లో 'రైజింగ్ స్టార్' ఫైనల్‌దాకా వచ్చి, వెంట్రుకవాసి తేడాతో రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. ప్రేక్షకులు ఫోన్లలో అప్పటికప్పుడు ఓట్లు వేసే పోటీ అది. ఒకరకంగా ఆమె తొలి ఎన్నిక అదేననాలి.

టీవీలో చేజారిన గెలుపు ఇంటర్నెట్‌లో దక్కింది. విద్యాపతి పదాలు, ఛఠ్ పండుగ పాటలు, బిడ్డ పుడితే పాడే సోహర్లు, తులసీదాస్ రామకథ, వీటితోపాటు సూఫీ గీతాలు కూడా ఆమె పాడారు. విన్నవాళ్లెవరూ అందులో తేడా చూడలేదు. బీహార్ జానపద సంగీతానికిగాను సంగీత నాటక అకాడమీ 2021 సంవత్సరానికి ఆమెకిచ్చిన యువ పురస్కారం ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ పేరు మీద ఉన్నది. బీహార్‌లోని డుమ్రావ్‌లో పుట్టి, కాశీ విశ్వనాథుడి సన్నిధిలో షెహనాయి వాయించిన మనిషి ఆయన. ఆమె పాడే సంప్రదాయం ఎంత విశాలమైనదో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

ఆ తర్వాత ప్రభుత్వాలు ఆమెను గుర్తించడం మొదలుపెట్టాయి. 2023లో ఎన్నికల సంఘం ఓటర్ల చైతన్యం కోసం ఆమెను బీహార్ ప్రచారకర్తగా నియమించింది. 2024 జనవరిలో, అయోధ్య ప్రాణప్రతిష్ఠకు ముందు, ఆమె పాడిన శబరి పాటను ప్రధాని నరేంద్ర మోదీ సామాజిక మాధ్యమాల్లో పంచుకున్నారు. అదే ఏడాది మార్చిలో జాతీయ క్రియేటర్ల అవార్డును ఆయనే స్వయంగా అందజేశారు. దారి ఎటు పోతున్నదో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు.

శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలంటుంది రాజ్యాంగంలోని 173వ అధికరణం. ఆమెకు అవి నిండింది 2025 జులైలో. అక్టోబరు 14న పట్నాలో కాషాయ కండువా కప్పుకొన్నారు, మరునాటి జాబితాలో పేరు వచ్చేసింది. ఏళ్ల తరబడి జెండాలు మోసిన స్థానిక కార్యకర్తల్లో కొందరు, బయటి మనిషికి టికెట్టేమిటని అలిగారు. వాళ్లను తప్పుపట్టలేం. (ఈ వయోపరిమితిని 18కి తగ్గించవచ్చని 2023లో ఒక పార్లమెంటరీ సంఘం సూచించింది. దానికి అధ్యక్షుడు బీహార్ బీజేపీ నేత సుశీల్ మోదీయే. ఎన్నికల సంఘానికి అది నచ్చలేదు.)

ప్రచారంలో తడబాట్లు తప్పలేదు. అలీనగర్ అభివృద్ధికి మీ బ్లూప్రింట్ ఏమిటని ఒక విలేకరి అడిగితే, అది కెమెరా ముందు చెప్పే సంగతి కాదు, వ్యక్తిగతం అన్న ధోరణిలో బదులిచ్చారు. ఆ వీడియో చూసి దేశమంతా నవ్వుకుంది. ఆ నవ్వులో కొంత అన్యాయమూ ఉంది. నాలుగుసార్లు గెలిచిన అభ్యర్థిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగినా రోడ్లు, కాలేజీ, ఆస్పత్రి అంటూ అరిగిపోయిన జవాబు వస్తుంది, ఎవరూ నవ్వరు. ఆమెకు ఆ జవాబు ఇంకా నోటికి రాలేదు, అంతే.

మరో వీడియోలో ఆమె పాగ్‌లో పోసిన మఖానా తింటూ కనిపించారు. పాగ్ అంటే మిథిలలో మగవాళ్లు శుభకార్యాలకు పెట్టుకొనే తలపాగా, ఆ ప్రాంతపు గౌరవ చిహ్నం. సంస్కృతికి ప్రతినిధినని చెప్పుకొంటూ దాన్ని గిన్నెలా వాడతారా అంటూ ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. మఖానా కూడా సామాన్యమైన గింజేమీ కాదు. మిథిల చెరువుల్లో పండే ఈ పంటకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 ఫిబ్రవరిలో నిర్మలా సీతారామన్, పద్మశ్రీ దులారీ దేవి బహూకరించిన మధుబని చిత్రాల చీర కట్టుకొచ్చి, బీహార్‌కు మఖానా బోర్డు ప్రకటించారు. మిథిల చీర, మిథిల గింజ, ఆఖరికి మిథిల గొంతు: ఎన్నికల ఏడాదిలో ఢిల్లీకి మూడూ గుర్తొచ్చాయి.

వీటిని మర్చిపోవచ్చు. మర్చిపోలేనిది 'సీతానగర్'. గెలిస్తే అలీనగర్ పేరును అలా మార్పిస్తానన్నారు ఆమె. మిథిలలో సీత ఆడపడుచు, పొలంలో దొరికిన సొంత బిడ్డ. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పాడే సమదావున్ పాటల్లో వెళ్లిపోయే ప్రతి కూతురూ సీతే. ఆ పాట పాడుతూ కళ్లు తుడుచుకొనే తల్లికి సీత పేరు ఊరి బోర్డు మీద రాసి చూపించాల్సిన పనిలేదు. పైగా ఆ బోర్డు మీద ఇప్పటికే ఒక పేరుంది. 2008 పునర్విభజనతో ఏర్పడిన ఈ నియోజకవర్గం 2010లోనూ 2015లోనూ ఆర్జేడీ నేత అబ్దుల్ బారీ సిద్దిఖీని గెలిపించింది. సూఫీ గీతం విని తల ఊపిన అలీనగర్ ముసల్మాను ఈ హామీ విని ఏమనుకోవాలి? ఆమె సంప్రదాయవాది అన్నది కొత్త సంగతి కాదు. రాజకీయాల్లోకి రాకముందూ అంతే. అయితే పెరటి సంప్రదాయం రాముడితో వేళాకోళమాడగలదు, పరాయి పాటను తనదిగా పాడుకోగలదు. పార్టీ సంప్రదాయానికి ఆ తీరిక ఉండదు. దానికి పేర్లు కావాలి, హద్దులు కావాలి.

పేరు మార్చడం ఎమ్మెల్యే చేతిలోని పని కాదన్నది వేరే విషయం. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి, కేంద్ర హోంశాఖ సమ్మతించాలి. ఓట్లడిగేటప్పుడు ఈ వివరాలు ఎవరూ చెప్పరు.

నవంబరు 14న ఫలితాలొచ్చాయి. ఆమెకు 84,915 ఓట్లు, ఆర్జేడీ అభ్యర్థి బినోద్ మిశ్రాకు 73,185. మెజారిటీ 11,730. ఇదే మిశ్రా 2020లో కేవలం 3,101 ఓట్లతో ఓడారు. కాబట్టి సీటు సులువైనదేమీ కాదు. అలాగని గెలుపంతా పాటదేనంటే లెక్క తప్పుతుంది. 243 స్థానాల్లో ఎన్డీయే 202 గెల్చుకున్న ఎన్నిక అది. మగవాళ్లలో దాదాపు 63 శాతం ఓటేస్తే ఆడవాళ్లలో సుమారు 72 శాతం ఓటేశారు. ఎన్నికలకు కాస్త ముందు లక్షలాది మహిళల ఖాతాల్లో పదేసి వేల రూపాయలు పడ్డాయి. ఆ గాలిలో పాట ఎంత, పైకం ఎంత అని విడదీయడం కష్టం.

తెలుగువారికి ఈ సందర్భంలో ఎన్టీఆర్ గుర్తు రావడం సహజం. కానీ 1982లో పార్టీ పెట్టేనాటికి ఆయనకు దాదాపు 60 ఏళ్లు, తెర మీద చేయాల్సిందంతా చేసేశారు. పార్టీ కూడా ఆయన సొంతం. ఠాకుర్ పాడాల్సిందే ఎక్కువ మిగిలివుంది, పార్టీ మాత్రం మరొకరిది. 2023లో పాలకుర్తిలో ఎర్రబెల్లి దయాకరరావు అంతటివారిని ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి యశస్వినీ రెడ్డికీ ఆమె ఈడే, 26. అయితే ఆ టికెట్ అత్తగారు పోటీ చేయలేకపోవడంతో వచ్చింది. ఠాకుర్ వెనక రాజకీయ కుటుంబం లేదు. యువత రాజకీయాల్లోకి రావాలని ఉపన్యాసాలిచ్చేవారు ఈ ఒక్క విషయంలో ఆమెకు మార్కులు వేయక తప్పదు.

డిసెంబరులో ఆమె సభలో మైథిలి భాషలోనే ప్రమాణం చేశారు. 2003లో వాజ్‌పేయి ప్రభుత్వం 92వ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చేర్చిన భాష అది. చిన్న తరగతుల్లో ఆ భాషలో చదువు చెప్పాలన్న డిమాండు మిథిలలో పాతదే. గాయనికీ ఎమ్మెల్యేకీ మధ్య పేచీ లేని పని ఏదైనా ఉంటే ఇదే. దానికి ఊరి పేరు మార్చనక్కర్లేదు, ఎవరి మనసూ కష్టపెట్టనక్కర్లేదు. పదవీకాలం 2030 దాకా ఉంది. ఈలోగా వానాకాలం వచ్చిన ప్రతిసారీ దర్భంగా నదులు పొంగుతాయి. ఆమెను పాటకు పిలిచే ఇళ్లలో ఇకపై ముందు కరకట్టల సంగతి అడుగుతారు.