తోట దాటి... సముద్రం దాటి...

పలాసలో రైలు దిగి ఇచ్ఛాపురం వైపు బయల్దేరితే కళ్లకు పచ్చదనమే పచ్చదనం. జీడి, కొబ్బరి, పనస తోటలు! ఉద్యానవనం అన్న మాటే ‘ఉద్దానం’ అయిందంటారు. మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు... తీరానికి దగ్గరయ్యేకొద్దీ తోటల చాటున సముద్రం హోరు వినిపిస్తుంది.

ఇంత పచ్చటి నేలను వదిలి ఇక్కడి కుర్రాళ్లు ఎందుకు వెళ్తున్నారు? ఫైలిన్ (2013), తిత్లీ (2018) తుపాన్లను అడిగితే చెబుతాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకొచ్చేందుకు ఏళ్లు పడుతుంది. కూలిపోవడానికి ఒక్క రాత్రి చాలు. దానికి తోడు కిడ్నీ జబ్బుల ఖర్చు. అసలు ఈ తీరానికి వలస కొత్త కాదు. తాతల కాలంలో ‘రంగం’ వెళ్లేవారు... అంటే బర్మాలోని రంగూన్. ఇప్పుడు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్, సింగపూర్, మలేషియా వెళ్తున్నారు.

చిక్కల్లా వీసా దగ్గరే. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు ‘ఈసీఆర్’ కింద ఉంటుంది. గల్ఫ్ దేశాలు, మలేషియా సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే వీరికి ప్రభుత్వ వలస అనుమతి తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వర్తిస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ఆపైన పన్ను. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు!

విజిట్ వీసాకు ఈ అనుమతి అడగరు. దొంగ ఏజెంట్లకు అదే సందు. ‘ముందు వెళ్లిపో, అక్కడ మార్పిస్తాం’ అంటారు. విమానం దిగాక ఒప్పందమూ ఉండదు, బీమా కూడా ఉండదు. ఆ వీసాతో పనిచేస్తూ పట్టుబడితే జరిమానా, జైలు. ఈసీఆర్ జాబితాలో లేని దేశమైనా జాగ్రత్త తప్పదు. కంప్యూటర్ ఉద్యోగాలని కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ఉదంతాన్ని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు లేనివారు ఏ దేశానికీ మనుషుల్ని పనికి పంపకూడదు. లైసెన్సు ఉన్నా, సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఏజెంటు అసలువాడో కాదో ‘ఇ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పరాయి దేశంలో ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లోనూ ఒక జత ఉంచాలి.

తోట తాకట్టు పెట్టి లక్షలు కట్టే ముందు వీసా మీద ఏం రాసి ఉందో చదివించుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే చాలు... అయిదు నిమిషాల పని. తుపానును ఆపలేం కానీ, ఈ నష్టాన్ని ఆపడం మన చేతిలోనే ఉంది.