పొడగరి హిసాబ్



అమెరికాలో రాత్రి ఆడే ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకు పొద్దున పూట వస్తాయి. మా ఇంట్లో ఫజర్ నమాజ్ అయ్యాక చాయ్ గ్లాసులతో పాటే బాస్కెట్‌బాల్ బహస్ కూడా మొదలవుతుంది. బహస్ ఎప్పుడూ ఒకటే. ఏడడుగుల పొడవుండే ఆ సెంటర్ ఆటగాడి అసలు కీమత్ ఎక్కడుంది? బుట్టలో బంతి వేయడంలోనా, ఎదుటివాళ్ల బంతి పడకుండా ఆపడంలోనా?

మాకిది టైమ్‌పాస్ సవాల్ కాదు. మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఆరడుగుల మూడంగుళాలుంటాడు. కాలేజీ టీమ్‌లో సెంటర్. మ్యాచ్ ఆడొచ్చిన ప్రతి సాయంత్రం వాళ్ల అమ్మీ అడిగేది ఒకటే మాట: "ఎన్ని పాయింట్లు కొట్టావ్ బేటా?" వాడు "నాలుగు" అంటాడు. ఒక్కోసారి "రెండే" అంటాడు. మొన్న టీమ్ గెలిచిన రోజు కూడా మొహం వేలాడేసుకుని వచ్చాడు. "మామూ, నేను ఆట మానేస్తా. నా వల్ల టీమ్‌కి ఏం ఫాయిదా?" అన్నాడు. ఈ రాత వాడి కోసం, వాడి అమ్మీ కోసం, పిల్లల మెహనత్‌ని ఒక్క అంకెతో తూచేసే మనందరి కోసం.

ముందు సీదా హిసాబ్ చూద్దాం. ఒక బుట్ట వేస్తే రెండు పాయింట్లు. పడబోయే బుట్టను ఆపినా ఆ రెండు పాయింట్లే మిగులుతాయి. తరాజులో రెండు పళ్లాలూ సమానమే. మరి హమ్లా చేసేవాడికే ఇజ్జత్ ఎందుకెక్కువ? ఒక వజహ్ ఉంది. హమ్లాలో మంచి ఆటగాడికి బంతి కావాలంటే ప్రతిసారీ ఇవ్వొచ్చు. కాపలాలో ఎంత గట్టివాడైనా, ఎదుటి టీమ్ వాణ్ణి వదిలేసి ఇంకో వైపు నుంచి రావచ్చు. అందుకే మామూలు ఆటగాళ్ల విషయంలో హమ్లాకే వజన్ ఎక్కువ అంటే నేనూ ఒప్పుకుంటా.

పొడగరి విషయంలో ఆ లెక్క మారుతుంది. గార్డ్ ఒక మనిషిని కాపలా కాస్తాడు. సెంటర్ దర్వాజా కాపలా కాస్తాడు. ఎవడు ఎటు నుంచి దూసుకొచ్చినా చివరికి బుట్ట కిందికే రావాలి. అక్కడ ఈయన చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. బంతిని తాకకపోయినా సరే, ఆయన్ని చూసి వాడు వెనక్కి తిరిగితే, తొందరపడి ఎక్కణ్ణించో విసిరేస్తే, అదంతా ఆయన కమాయీనే. స్కోర్ కాగితంలో మాత్రం దానికి ఖానా లేదు.

తారీఖ్‌లో దీనికి పెద్ద మిసాల్ 1961-62 సీజన్. ఆ ఏడు విల్ట్ చాంబర్లిన్ మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు కొట్టాడు. 1962 మార్చి 2న ఒక్క మ్యాచ్‌లోనే 100 కొట్టాడు. ఈ రెండు రికార్డులనూ ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. అయినా ఆ సీజన్ ఎంవీపీ అవార్డు ఆయనకు రాలేదు, బోస్టన్ సెంటర్ బిల్ రస్సెల్‌కి వచ్చింది. అప్పట్లో ఆ ఓట్లు వేసేది ఆటగాళ్లే. రోజూ ఎదురు నిలబడి ఆడేవాళ్లకి ఎవరి దగ్గర ఎక్కువ తక్లీఫ్ పడుతున్నారో తెలుసు కదా. రస్సెల్ కెరీర్ సగటు 15 పాయింట్లే. ఫ్రీ త్రోలు నూటికి 56 పడేవి. కానీ 13 సీజన్లలో 11 సార్లు ఆయన టీమ్ ఛాంపియన్. బ్లాక్ చేసిన బంతిని జనంలోకి కొట్టి చప్పట్లు కొట్టించుకునేవాడు కాదు, తన టీమ్‌వాడి చేతికి అందేలా తట్టేవాడు.

ఇంకో తమాషా చూడండి. ఎన్‌బీఏలో బ్లాకులను అధికారికంగా లెక్కపెట్టడం 1973-74 సీజన్‌లోనే మొదలైంది. రస్సెల్ 1969లోనే రిటైర్ అయిపోయాడు. అంటే ఆయన పెద్ద హునర్‌కి రికార్డు పుస్తకంలో ఒక్క అంకె కూడా లేదు. కరీం అబ్దుల్ జబ్బార్ అనగానే అందరికీ స్కైహుక్ షాటు, 38,387 పాయింట్లు యాదికొస్తాయి. ఆయన పేరు మీద 3,189 బ్లాకులున్నాయని ఎంతమందికి తెలుసు? అది కూడా ఆయన మొదటి నాలుగు సీజన్ల బ్లాకులు లెక్కలోకి రాకుండానే.

అలాగని నేను ఒకవైపే మాట్లాడితే బేఇన్సాఫీ అవుతుంది. దర్వాజా కాపలాకి కూడా హద్దుంది. ఈ జమానాలో మూడు పాయింట్ల షాటు పెరిగింది. ఎదుటి టీమ్ ఐదుగురినీ బయట నిలబెడితే సెంటర్‌కి ముసీబత్ మొదలవుతుంది. బుట్ట కిందే ఉంటే బయటివాడు తీరిగ్గా కొడతాడు. బయటికి వెళ్తే దర్వాజా ఖాళీ. రూడీ గోబేర్ నాలుగు సార్లు ఉత్తమ డిఫెండర్ అవార్డు తీసుకున్న మనిషి. 2021 ప్లేఆఫ్స్‌లో ఆయన యూటా టీమ్ క్లిప్పర్స్ మీద ఆరో మ్యాచ్‌లో 25 పాయింట్ల ఆధిక్యంలో ఉండి కూడా ఓడిపోయింది. మూలన నిలబడిన టెరెన్స్ మాన్ 39 పాయింట్లు కొట్టేశాడు. జనం తప్పంతా గోబేర్ మీదే వేశారు. నేను వేయను. ముందున్న గార్డులు దాటిపోనిస్తే, ఒక్క మనిషి దర్వాజాలోనూ మూలలోనూ ఒకేసారి ఎలా ఉంటాడు?

హమ్లా వైపు కూడా ఒక కొత్త మిసాల్ వచ్చింది. నికోలా యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో 41వ నంబర్‌లో తీసుకున్న సెర్బియా కుర్రాడు. పెద్దగా ఎగరడు, పరుగూ అంతంత మాత్రమే. కానీ వంట మనిషి దస్తర్‌ఖాన్ మీద ఎవరికేం కావాలో చూసి వడ్డించినట్టు బంతిని పంచుతాడు. 2024-25లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు మూడింటిలోనూ సగటు పదికి పైనే. సెంటర్లలో అంతకుముందు ఎవరూ చేయని పని. మూడు ఎంవీపీలు, 2023లో ఛాంపియన్‌షిప్. కాపలాలో గోబేర్‌తో తూగడు. అయినా నన్ను అడిగితే టీమ్ కట్టడానికి ముందు యోకిచ్‌నే తీసుకుంటా. ఎందుకంటే ఆయన ఒక్కడు కొట్టడం కాదు, మిగతా నలుగురినీ మెరుగైన ఆటగాళ్లను చేస్తాడు. అలాంటి సెంటర్ మాత్రం ఎన్నో ఏళ్లకి ఒక్కడు పుడతాడు.

రెండు పళ్లాలూ బరువుగా ఉన్నవాడు ఎవరంటే, నా దిల్‌లో ఒకే పేరు. హకీం ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్, హ్యాండ్‌బాల్ ఆటగాడు. ఆ కాళ్ల చురుకు బాస్కెట్‌బాల్‌లోకి తెచ్చుకున్నాడు. 3,830 బ్లాకులతో ఈరోజుకీ ఆయనే అవ్వల్. 1993-94లో ఎంవీపీ, ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఒకే సీజన్‌లో తీసుకున్నాడు. ఇంకెవరికీ అది సాధ్యం కాలేదు. ఆ ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఆఖరి క్షణంలో జాన్ స్టార్క్స్ వేసిన మూడు పాయింట్ల షాటు పడితే న్యూయార్క్‌దే కప్పు. హకీం బయటిదాకా ఉరికి వేళ్లతో తాకాడు. హ్యూస్టన్ 86-84తో నిలబడి, తర్వాత ఏడో మ్యాచ్ గెలిచింది. 1995 ఫిబ్రవరిలో రంజాన్ నెల మొత్తం రోజాలుండి ఆడాడు. ఆ నెల ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా ఆయనకే వచ్చింది. మా అబ్బా ఈ కిస్సా వినగానే చాయ్ పక్కన పెట్టి "మాషా అల్లా" అన్నారు. బాస్కెట్‌బాల్‌లో ఆయనకు తెలిసిన ఒకే ఒక్క పేరు ఇప్పుడు హకీం.

ఇక మా అబ్బాయికి చెప్పింది చెప్తా. "బేటా, హకీంలు, యోకిచ్‌లు అందరూ కాలేరు. బెన్ వాలెస్ సంగతి విను. ఆరడుగుల తొమ్మిదంగుళాలు, సెంటర్‌కి అది పొట్టే. డ్రాఫ్ట్‌లో ఏ టీమూ తీసుకోలేదు. కెరీర్ సగటు 5.7 పాయింట్లు, అంటే నీ నాలుగుకి దగ్గరే. నాలుగు సార్లు ఉత్తమ డిఫెండర్. 2004 ఫైనల్స్‌లో షకీల్ ఓనీల్ లాంటి పహాడ్‌కి ఎదురు నిలబడి, డెట్రాయిట్ 4-1తో కప్పు కొట్టడంలో పెద్ద చెయ్యి ఆయనది. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరెక్కింది."

ఇంకో మాట కూడా అన్నా. పాయింట్లు కొట్టాలంటే సెంటర్‌కి ఇంకొకడు బంతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమీ చేయలేడు. కాపలా కాయడానికి, రీబౌండ్‌కి జాగా పట్టడానికి, తోటివాడికి స్క్రీన్ పెట్టడానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు. ఆ పని పూర్తిగా నీ చేతిలో ఉంది. అయితే ఫ్రీ త్రోలు మాత్రం రోజూ ప్రాక్టీస్ చెయ్. ఆఖరి నిమిషాల్లో ఎదుటివాళ్లు కావాలని ఫౌల్ చేసి నిన్ను లైన్ మీద నిలబెడతారు. అక్కడ తప్పితే, గట్టి కాపలాదారుణ్ణి కూడా కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టక తప్పదు.

అమ్మీలకు, అబ్బాలకు నాదొక గుజారిష్. మీ పిల్లల మ్యాచ్‌కి వెళ్తే ఒక క్వార్టర్ పాటు బంతిని చూడకండి. మీ పొడుగు పిల్లాణ్ణో, పిల్లనో మాత్రమే చూడండి. తను కోర్టులో ఉన్నప్పుడు ఎదుటివాళ్లు ఎన్ని కొట్టారు, తను బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎన్ని కొట్టారు, ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్‌బీఏ వాళ్లు కంప్యూటర్లు పెట్టి చేసే హిసాబ్‌కి అసలు మూలం అదే. ఒక్క మ్యాచ్‌తో ఫైసలా చేయొద్దు. నాలుగైదు మ్యాచ్‌లు రాయండి. ఆ తర్వాత "ఎన్ని కొట్టావ్?" అనే సవాల్ పక్కన పెట్టి, "ఈరోజు ఎన్ని ఆపావ్ బేటా?" అని అడిగి చూడండి.