సియోల్‌లో మన కోఠి!

సియోల్ అనగానే పిల్లలకు బీటీఎస్ పాటలు గుర్తొస్తాయి. పెద్దవాళ్లకైతే సెల్‌ఫోన్లూ, కార్లూ, 1988 ఒలింపిక్సూ! అద్దాల మేడలతో మెరిసిపోయే అలాంటి నగరంలో అచ్చం మన కోఠిలాంటి చోటు ఒకటి ఉందంటే నమ్ముతారా? నూరేళ్లు దాటిన బజారు, పాత పుస్తకాల కొట్లు, వాటి పక్కనే పారే నీళ్లు... అన్నీ ఉన్నాయి. తేడా అల్లా ఒక్కటే. కోఠి నుంచి చాదర్‌ఘాట్ వంతెన ఎక్కితే మూసీ కంపుకు ముక్కు మూసుకుంటాం. సియోల్‌లో మాత్రం ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికే జనం సాయంత్రాలు కుటుంబాలతో వస్తారు.

కోఠి గురించి హైదరాబాదీలకు కొత్తగా చెప్పాల్సిందేముంది! నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1800ల తొలినాళ్లలో కట్టించిన భవంతి వల్లే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. ఆ ప్రాంగణమే ఇప్పటి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. చుట్టూ సుల్తాన్‌బజార్ చీరలు, గుజరాతీ గల్లీ కరెంటు సామాన్లు, ఫుట్‌పాత్‌ల మీద సగం ధరకే దొరికే పుస్తకాలు. దసరా సెలవుల్లో ఆ కోఠి నుంచి బయల్దేరి, కోటికి కాస్త తక్కువ జనాభా ఉన్న సియోల్‌లో దిగాం. విదేశం చూడటం మా ఇంట్లో అందరికీ అదే మొదటిసారి.

అమ్మా... అప్పా!

మెట్రో ఎక్కగానే ఎదురు సీట్లోని చంటిపాప ‘ఒమ్మా... అప్పా’ అంటూ మారాం చేస్తోంది. అచ్చం మన భాషలా వినిపించేసరికి మావాళ్లు ఉలిక్కిపడ్డారు. కొరియన్‌లో ఒమ్మా అంటే అమ్మే, అప్పా అంటే నాన్నే! ఎందుకిలా కలిశాయన్నది పండితులకు వదిలేద్దాం. కొత్త ఊళ్లో తెలిసిన మాట వినిపిస్తే ఎంత ధైర్యమో!

సియోల్‌లో తొలి మెట్రో లైను 1974 ఆగస్టు 15న మొదలైంది. ఇప్పుడు ఆ రైళ్లు ఊరంతా అల్లుకుపోయాయి. టీ-మనీ అనే కార్డు కొనుక్కుంటే రైలుకూ బస్సుకూ అదే సరిపోతుంది. స్టేషన్ల పేర్లు ఇంగ్లిషులోనూ ఉంటాయి కాబట్టి తప్పిపోతామన్న భయం లేదు.

మొదట చూడాల్సింది గ్యాంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం. జోసన్ వంశ రాజులు 1395లో కట్టించారు. కొరియా సంప్రదాయ దుస్తులు ‘హన్‌బొక్’ వేసుకుని వెళ్తే టిక్కెట్టు అక్కర్లేదు. చుట్టుపక్కల వీధుల్లో వాటిని అద్దెకిస్తారు. ఛాతీ దగ్గర్నుంచి పాదాల దాకా జీరాడే ఆ లంగాలో మా అమ్మాయిని చూస్తే సంక్రాంతికి పరికిణీ కట్టినట్టే అనిపించింది. కోట ముందు కూడలిలో సేజోంగ్ మహారాజు విగ్రహం ఉంటుంది. సామాన్యులు చదువుకోవడానికి వీలుగా 1446లో కొరియన్లకు సొంత లిపిని ప్రకటించిన రాజు ఆయన. హల్లుకూ అచ్చుకూ వేర్వేరు గుర్తులు, రెండూ కలిపి ఒక గడిలో పేర్చడమే! గుణింతం నేర్చిన మన పిల్లలకు ఆ కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. తిరుగు ప్రయాణానికి మావాళ్లు దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదివేస్తున్నారు.

పెసరట్టుకు చుట్టం

ఇక తిండి సంగతి. 1905లో పుట్టిన గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కు వెళ్తే సుల్తాన్‌బజార్‌లో నడిచినట్టే ఉంటుంది. పట్టుబట్టలు, దుప్పట్లు అమ్మే కొట్లు ఒక వైపు, తిండి బల్లలు మరో వైపు. అక్కడి ప్రత్యేక వంటకం ‘బిందేత్తొక్’. నానబెట్టిన పెసరపప్పును తిరగలిలో రుబ్బి, మొలకలూ కూరగాయ ముక్కలూ కలిపి, పెనం మీద నూనెలో దళసరిగా కాలుస్తారు. పెసరట్టుకు దూరపు చుట్టమన్నమాట! కాకపోతే చాలామంది పంది మాంసం కూడా కలుపుతారు. శాకాహారులు ముందే అడిగి తీసుకోవాలి. కిమ్చీలోనూ చేపల, రొయ్యల పులుసు కలిపే అలవాటుంది.

బల్ల దగ్గర వడ్డించే ఆడవాళ్లను అక్కడివాళ్లు ‘ఇమో’ అని పిలుస్తారు. అంటే పిన్ని! మనం కూరగాయలమ్మే ఆవిడను అక్కా అనో, పిన్నీ అనో పిలిచినట్టే. మా ఆవిడ కూడా ధైర్యం చేసి ‘ఇమో’ అంది. అంతే, పళ్లెంలోకి మరో ముక్క వచ్చి పడింది.

రోడ్డు తవ్వితే వాగు

ఆ మార్కెట్ నుంచి నాలుగడుగులు వేస్తే చంగ్యేచన్ వాగు. పేరుకు అర్థం ‘తేటనీటి వాగు’. ఆరొందల ఏళ్ల కిందట రాజులు బాగుచేయించిన ఈ వాగే పాత నగరానికి మురుగు తీసుకెళ్లే దారి కూడా. 1950-53 నాటి యుద్ధం తర్వాత ఉన్న ఊరు వదిలి వచ్చినవాళ్లు దీని గట్ల మీద గుడిసెలు వేసుకున్నారు. కంపు భరించలేక 1958 నుంచి వాగు మీద కాంక్రీటు మూతేసి రోడ్డు పరిచారు. తర్వాత దాని మీద ఫ్లైవోవర్ కట్టారు. అలా వాగు కళ్లముందు నుంచి మాయమైపోయింది.

అప్పటి మేయర్ లీ మ్యుంగ్ బాక్ 2003 జులైలో ఆ ఫ్లైవోవర్‌ను కూలగొట్టించే పని మొదలుపెట్టారు. 2005 అక్టోబరు 1 నాటికి 5.8 కిలోమీటర్ల వాగు మళ్లీ వెలుగు చూసింది. ట్రాఫిక్ ఏమైపోతుందోనని బెంగపడ్డ నగరమే ఆ వాగును చూసి మురిసిపోయింది. 2008లో ఆయన దేశాధ్యక్షుడు కూడా అయ్యారు.

ఇప్పుడక్కడ ఎంత బాగుంటుందంటే... రోడ్డు మీద నుంచి మెట్లు దిగగానే హారన్ల మోత తగ్గిపోతుంది. పిక్కల లోతు నీళ్లు, దాటడానికి రాళ్ల వరసలు, గట్ల మీద రెల్లుపొదలు, నీళ్లలో చేపపిల్లలు. మొత్తం 22 వంతెనలు. గ్వాంగ్‌టోంగ్ వంతెన కింద నిలబడి రాళ్లను పరీక్షగా చూడండి. కొన్ని చెక్కడాలు తలకిందులుగా ఉంటాయి. తేజోంగ్ అనే రాజు సవతి తల్లి మీద కోపంతో ఆమె సమాధి రాళ్లు పెకలించి తెచ్చి ఈ వంతెనకు వాడించాడట! దిగువకు వెళ్తే పాత ఫ్లైవోవర్ స్తంభాలు మూడు మొండిగా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ ఏముండేదో మర్చిపోకూడదని వాటిని కావాలనే ఉంచేశారు.

అయితే ఈ నీళ్ల గుట్టు కూడా తెలుసుకోవాలి. హాన్ నది నుంచి, మెట్రో సొరంగాల్లో ఊరే భూగర్భజలం నుంచి రోజూ సుమారు లక్షా ఇరవై వేల టన్నులు మోటార్లతో తోడి వదులుతారు. మోటారు ఆగితే వాగు ఆగుతుంది! అందుకే ఇది వాగు కాదు, పొడవాటి ఫౌంటెన్ అని విమర్శించే కొరియన్లూ ఉన్నారు.

పుస్తకాలూ కుట్టుమిషన్లూ

వాగు వెంట తూర్పుకు నడిస్తే ప్యోంగ్‌హ్వా మార్కెట్. దాని కిందివరసలో అటకల దాకా పుస్తకాలు పేర్చిన ఇరుకు కొట్లు కనిపించగానే ప్రాణం లేచివచ్చింది. ఒక్క అక్షరం అర్థం కాకపోయినా పాత కాగితం వాసన ఎక్కడైనా ఒకటే కదా! ఒకప్పుడు వందకు పైగా ఉండేవట. ఇప్పుడు మిగిలినవి కొన్నే.

ఆ మార్కెట్ పైఅంతస్తుల్లో 1960ల్లో ఇరుకు గదుల నిండా కుట్టుమిషన్లు ఉండేవి. గాలీ వెలుతురూ సరిగా లేని చోట చిన్నచిన్న ఆడపిల్లలు పొద్దస్తమానం బట్టలు కుట్టేవారు. వాళ్లకోసం పోరాడిన జియోన్ తే ఇల్ అనే 22 ఏళ్ల కార్మికుడు 1970 నవంబరు 13న ఇక్కడే ఒంటికి నిప్పంటించుకుని ప్రాణాలొదిలాడు. వాగు మీది ఒక వంతెనపై అతని కంచు విగ్రహం ఉంది. నేటి సియోల్ సంపద వెనక ఇలాంటి చేతులెన్నో ఉన్నాయని ఆ వంతెన మీద నిలబడితే తెలుస్తుంది.

మరి చిరువ్యాపారులు?

వాగు తవ్వినప్పుడు ఆ రోడ్డు మీద సరుకులు పరుచుకుని అమ్మేవాళ్ల గతి ఏమైంది? పెద్ద వ్యాపారులతో నగరపాలక సంస్థ వేలకొద్దీ సమావేశాలు జరిపింది. తోపుడుబండ్లవాళ్లలో చాలామందిని 2004లో దోంగ్డేమున్ స్టేడియంలోకి పంపింది. కొన్నాళ్లకే ఆ స్టేడియాన్నీ పడగొట్టారు. అక్కడే 2014లో జహా హదీద్ రూపకల్పన చేసిన వెండిరంగు డిజైన్ ప్లాజా వెలిసింది. ఫొటోలకు అందరూ అక్కడికే వెళ్తారు. చిరువ్యాపారులు మాత్రం 2008లో మళ్లీ మూటాముల్లె సర్దుకుని సిన్‌సోల్‌దోంగ్‌లోని ఫోక్ ఫ్లీ మార్కెట్‌కు మారారు. పాత రేడియోలు, గడియారాలు, ఇత్తడి గిన్నెలు... జుమ్మెరాత్ బజార్‌ను చూసినట్టే ఉంటుంది. నగరం చివర ‘గార్డెన్ ఫైవ్’ అనే పెద్ద వ్యాపార సముదాయం కట్టి కొట్లు ఇస్తామన్నా, ఆ ధరలు భరించలేక చాలామంది వెళ్లనే లేదు.

ఇదంతా మనకెందుకంటారా? 2024లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సియోల్ వెళ్లొచ్చారు. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారులు ఈ వాగునూ హాన్ నదినీ చూడటానికే వెళ్లారు. మూసీని బాగుచేయాలన్నది ఆలోచన. ఆ రోజుల్లోనే కోఠికి కూతవేటు దూరంలో ఉన్న శంకర్‌నగర్, మూసానగర్‌లలో కుటుంబాల్ని ఖాళీ చేయించి, డబుల్‌బెడ్‌రూం ఇళ్లకు పంపారు. సియోల్ తవ్వింది 5.8 కిలోమీటర్ల వాగు. మన ప్రణాళిక 55 కిలోమీటర్ల నది. పైగా 1908లో వేలమందిని మింగిన నది! దాని గట్టున బతికేవాళ్లు ఎంతమందో, కోఠిలో రోడ్డు మీద అమ్ముకునేవాళ్లు ఎంతమందో లెక్కేసుకుంటే చంగ్యేచన్ చెప్పే పాఠం ఇంకా పెద్దది. నీళ్లు తేటగా మారడం సాధ్యమేనని ఆ వాగు రుజువు చేసింది. గట్టు మీది బతుకుల్ని వాటితోపాటు నిలబెట్టడమే కష్టమని ఆ ఫ్లీ మార్కెట్ చెబుతోంది.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి ఢిల్లీ, బ్యాంకాక్, సింగపూర్‌లాంటి నగరాల మీదుగా ఇంచియాన్ విమానాశ్రయం చేరుకోవచ్చు. అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో ముప్పావుగంటలోపే సియోల్ స్టేషన్. ముందుగా వీసా తీసుకోవాలి. అక్కడి సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు. ఏప్రిల్‌లో చెర్రీపూలు, అక్టోబరులో ఎర్రబారే ఆకులు చూడటానికి అనువైన కాలం. రాజభవనానికి మంగళవారం సెలవు. గట్టి వాన కురిస్తే వాగులోకి దిగనివ్వరు.

ఇంకొక్క మాట. వాగు గట్టున ఓ గంట గడిపాక పైకొచ్చి పక్క బజార్లో మరో గంట తిరగండి. రెండూ చూస్తేనే సియోల్ చూసినట్టు!